కత్తి తీయడం తేలికే, ఆర్థర్‌ని తీయడమే కష్టం

సరస్సు నీళ్ళలోంచి లేచిన చెయ్యి పట్టుకున్న ఎక్స్‌కాలిబర్ అనే కత్తిని తీసుకుని, బ్రిటన్ కథల్లోని రాజు ఆర్థర్ ఒడ్డుకి వచ్చాక అతని మంత్రగాడు మెర్లిన్ ఒక మాట అడుగుతాడు: నీకు కత్తి నచ్చిందా, ఒర నచ్చిందా? కుర్ర రాజు, ఇంకేమంటాడు, కత్తే అంటాడు. అక్కడే తెలివి తప్పావంటాడు మెర్లిన్. ఆ ఒర అలాంటి కత్తులు పదింటి పెట్టు. అది నడుముకి ఉన్నంతకాలం ఎంత గాయం తగిలినా నెత్తురు కారదు. కొన్నాళ్ళకి ఆర్థర్ నిద్రపోతుండగా అక్క మోర్గాన్ వచ్చి ఒరని ఎత్తుకుపోతుంది, దార్లో నీళ్ళలోకి విసిరేస్తుంది. కత్తిని ఎందుకు వదిలేసిందంటే, ఆర్థర్ దాన్ని చేత్తో పట్టుకునే పడుకున్నాడు.

ఇది ఆర్థర్ కథలని ఇంగ్లీషులో ఒకచోట చేర్చిన సర్ థామస్ మేలరీ పుస్తకంలో ఉన్న సంగతి. ఆర్థర్ మీద సినిమా తీసేవాళ్ళు ఎక్కువమంది ఈ కుర్ర రాజులాగే కత్తి పట్టుకుని ఒర వదిలేస్తారు. రాజు కావలసినవాడే తీయగల రాతిలో కత్తి, వీరులు కూర్చునే గుండ్రటి బల్ల, రాణితో వీరుడు లాన్సెలాట్ ప్రేమ, పడవలో చివరి ప్రయాణం: ఈ నాలుగూ ఉంటే ఆర్థర్ కథ చెప్పేసినట్టేనని లెక్క. ఆ నాలుగింటినీ కలిపి పట్టుకునేవి వేరే ఉన్నాయి. ఎడిటింగ్ టేబుల్ దాకా కూడా రాకుండా, స్క్రిప్టు దశలోనే ఎగిరిపోయేవి అవే.

ముందు పుస్తకం కొలతలు చూడాలి. మేలరీ దాన్ని 1469–70లో ఖైదులో ఉండి పూర్తి చేశాడు. 1485లో విలియం కాక్స్‌టన్ అచ్చు వేస్తూ 21 భాగాలుగా, 507 అధ్యాయాలుగా విడగొట్టాడు. అందులో మెర్లిన్ ఎంతవరకు ఉంటాడనుకున్నారు? నాలుగో భాగం మొదటి అధ్యాయం దాకా. తను మోజుపడిన అమ్మాయే అతని దగ్గర నేర్చుకున్న విద్యతో అతన్ని ఒక బండ కింద మూసేస్తుంది, అంతటితో సరి. ఐదో భాగంలో ఆర్థర్ రోము మీదికి దండెత్తి గెలుస్తాడు. ఆరో భాగం నుంచి పదిహేడో భాగం దాకా అతను చేసే పని పెద్దగా ఏమీ లేదు. కొలువుదీరి ఉంటాడు, పండక్కి విందు ఇస్తాడు, ఎవరో ఒక అమ్మాయి వచ్చి ఆపదలో ఉన్నానంటే ఒక వీరుణ్ణి పంపిస్తాడు. ఎనిమిది నుంచి పన్నెండు దాకా ట్రిస్ట్రమ్ అనే వీరుడి గొడవ, పదమూడు నుంచి పదిహేడు దాకా క్రీస్తు రక్తం పట్టిన పాత్ర కోసం వెతుకులాట. రెండిట్లోనూ ఆర్థర్ ప్రేక్షకుడే.

స్క్రీన్‌ప్లే రాసేవాడికి ఇదెంత తలనొప్పో ఊహించండి. టైటిల్ క్యారెక్టర్ ఫస్టాఫ్ సగంలో సింహాసనం మీద కూర్చుంటాడు, క్లైమాక్స్ దాకా లేవడు. మహాభారతాన్ని ధర్మరాజు హీరోగా పుట్టుక నుంచి స్వర్గారోహణ దాకా రెండున్నర గంటల్లో తీసిపెట్టమంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. మనవాళ్ళు ఆ జోలికి పోలేదు. 1963లో 'నర్తనశాల'కి విరాటపర్వం ఒక్కటి చాలింది. 1957లో 'మాయాబజార్' అయితే వ్యాసుడి భారతంలో లేని శశిరేఖ పెళ్ళి పట్టుకుంది. ఒక ముడి తీసుకుని, దాని చుట్టూ తెలిసిన మనుషులని నిలబెట్టారు. కురుక్షేత్రం చూపించకపోయినా ప్రేక్షకుడికి అది తెలుసు, ఆ తెలియడమే సినిమాకి బలం. ఆర్థర్ కథకీ ఇంగ్లీషు, ఫ్రెంచి ప్రేక్షకుల్లో అదే బలం ఉంది. దాన్ని వాడుకున్నవాళ్ళు మాత్రం కొద్దిమంది.

వాడుకోనివాళ్ళకి ఏమైందో 2017లో గై రిచీ తీసిన సినిమా చూపించింది. ఆరు సినిమాల వరసలో అది మొదటిదని ప్లాను. ఖర్చు దాదాపు 17.5 కోట్ల డాలర్లు, ప్రపంచమంతా కలిపి టిక్కెట్ల మీద వచ్చింది 15 కోట్లకి లోపే. మిగిలిన ఐదూ అటకెక్కాయి. కారణం డబ్బు లెక్కల్లో కంటే కథలోనే ఉంది. సినిమా అంతా అయ్యాక చివరి సీనులో గుండ్రటి బల్ల ఇంకా తయారవుతూ ఉంటుంది. అంటే రెండు గంటలు కూర్చున్న ప్రేక్షకుడికి దక్కింది శంకుస్థాపన.

మొత్తం జీవితం తీసి గట్టెక్కినవాడు, నా దృష్టిలో, ఒక్కడే: 1981లో 'ఎక్స్‌కాలిబర్' తీసిన జాన్ బూర్‌మన్. అతనెలా నెగ్గుకొచ్చాడో విప్పి చూస్తే నేర్చుకోడానికి చాలా ఉంది, ఏం పోగొట్టుకున్నాడో కూడా తెలుస్తుంది.

మేలరీలో కత్తులు రెండు. రాతిలోంచి తీసినది పెలినోర్ రాజుతో పోరులో విరిగిపోతుంది, సరస్సులోంచి వచ్చేది రెండోది. బూర్‌మన్ రెండిటినీ ఒక్కటి చేశాడు. మెర్లిన్ దాన్ని సరస్సు నుంచి తెచ్చి ఆర్థర్ తండ్రి ఊథర్‌కి ఇస్తాడు. ఊథర్ చచ్చిపోతూ రాతిలోకి దింపుతాడు. ఆర్థర్ తీస్తాడు. లాన్సెలాట్ మీద అహంకారంతో వాడి విరగ్గొడతాడు, సరస్సు దేవత అతికించి తిరిగిస్తుంది. అడవిలో కలిసి నిద్రపోతున్న రాణికీ లాన్సెలాట్‌కీ మధ్య నేలలో గుచ్చి వెళ్ళిపోతాడు. రాణి దాన్ని మఠంలో దాచి, చివరి యుద్ధానికి ముందు తిరిగిస్తుంది. పెర్సివల్ అనే వీరుడు దాన్ని నీళ్ళలోకి విసురుతాడు. ఒక వస్తువు, ఏడు చేతులు మారింది. సీను నుంచి సీనుకి ఆర్థర్ ఏమీ చెయ్యకపోయినా కత్తి ఏదో ఒకటి చేస్తూనే ఉంటుంది, కథ నడుస్తూ ఉంటుంది. కూర్చున్న రాజు సమస్యకి ఇంతకంటే మంచి చిట్కా వేరే సినిమాలో కనబడదు.

క్లైమాక్స్‌లో ఇంకో మార్పు ఉంది. మేలరీలో ఆర్థర్ తన కొడుకు మోర్డ్రెడ్‌ని ఈటెతో పొడుస్తాడు. చావు ఖాయమని తెలిసిన మోర్డ్రెడ్ ఈటె మీదుగానే తన ఒంటిని పిడి దాకా ముందుకి తోసుకొచ్చి తండ్రి తల మీద కత్తితో కొడతాడు. బూర్‌మన్ దాన్ని తిరగేశాడు. ఈటె దిగింది తండ్రికి, దాని వెంట తనని తాను ముందుకి లాక్కుంటూ వెళ్ళి కొడుకుని పొడిచేది తండ్రి. అదే భంగిమ, అదే ఈటె, పని చేసేవాడు మారాడు. చివరి నిమిషంలోనైనా హీరో చేతికి పని దొరికింది.

ఇక పోగొట్టుకున్నది. మేలరీలో మోర్డ్రెడ్‌ని కన్నది మోర్గాస్, ఆర్థర్ ఇంకో అక్క. మంత్రగత్తె మోర్గాన్ వేరు. ఇద్దరు అక్కలెందుకని సినిమావాళ్ళు కలిపేస్తారు, బూర్‌మనూ కలిపేశాడు. కాగితం మీద చూస్తే ఒక ఆర్టిస్టు తగ్గింది, కథ చిక్కబడింది. కానీ మోర్గాస్ పోతే ఆమెతోపాటు ఆమె కడుపున పుట్టిన అన్నదమ్ముల బంధం పోతుంది: గవేన్, అగ్రవేన్, గాహెరిస్, గారెత్, మోర్డ్రెడ్. ఐదుగురూ ఒక తల్లి బిడ్డలు. ఆర్థర్ రాజ్యం కూలింది రాణి ప్రేమవల్ల అని అందరూ అనుకుంటారు. మేలరీ చెప్పేది అది కాదు, గారెత్ చావు వల్ల.

గారెత్ సంగతి వివరంగా చెప్పుకోవాలి. ఇతను పేరు చెప్పకుండా కొలువుకి వచ్చి ఏడాదిపాటు తిండి పెట్టమని అడుగుతాడు. కే అనే అధికారి అతని చేతులు చూసి 'అందాల చేతులోడా' అని ఎగతాళి చేసి వంటింట్లో పడేస్తాడు. ఏడాది అంట్ల మధ్య గడిపాక అతనికి వీరుడి పట్టం కట్టింది లాన్సెలాట్. అందుకే లాన్సెలాట్ అంటే గారెత్‌కి ప్రాణం. ఏళ్ళు గడుస్తాయి. లాన్సెలాట్ సంగతి బయటపడి రాణిని మంటల్లో వెయ్యడానికి తీసుకెళ్తుంటే కాపలా వెళ్ళమని ఆర్థర్ ఆజ్ఞ. గాహెరిస్, గారెత్ కాదనలేక వెళ్తారు, కానీ ఇది మాకు ఇష్టం లేదని తెలిసేలా కవచం లేకుండా, ఆయుధం పట్టకుండా వెళ్తారు. రాణిని విడిపించడానికి దూసుకొచ్చిన లాన్సెలాట్ ఆ గుంపులో, ఆ తొందరలో, గుర్తుపట్టకుండా ఇద్దరినీ నరికేస్తాడు.

అంతవరకు గవేన్ లాన్సెలాట్ పక్షమే. రాణి గదిలో పట్టుకోబోయిన తమ్ముడు అగ్రవేన్‌ని, తన కన్నకొడుకులిద్దరిని లాన్సెలాట్ చంపినా, వద్దన్నా వినకుండా వాళ్ళే కొరివితో తల గోక్కున్నారని సరిపెట్టుకున్నాడు. గారెత్ పోయాడని తెలిసిన క్షణం నుంచి రాజీ లేదు. ఆర్థర్ అయితే ఇంకో మాట అంటాడు: రాణి పోయినందుకు కంటే నా మంచి వీరులు పోయినందుకే ఎక్కువ బాధగా ఉంది, రాణులు ఎంతమందైనా దొరుకుతారు. ఈ మాట ఒక్కటి చాలు, దీన్ని ముక్కోణపు ప్రేమకథగా తీయడం ఎంత పొరపాటో చెప్పడానికి.

గారెత్‌ని నిలబెట్టడానికి ఎంత ఫుటేజీ కావాలి? మూడు సీన్లు. వంటింట్లో ఎగతాళి ఒకటి, లాన్సెలాట్ పట్టం కట్టడం ఒకటి, కవచం వద్దని గోడకి వేలాడదీసి ఉత్త చొక్కాతో గుర్రమెక్కడం ఒకటి. తలా రెండు నిమిషాలనుకున్నా ఆరు నిమిషాలు. మొదటి రెండూ ఫస్టాఫ్‌లో నవ్వులకీ, సెంటిమెంటుకీ వాటంతటవే పనికొస్తాయి. స్క్రిప్టు పొడుగైందనగానే ముందు కత్తెర పడేది ఈ వంటింటి కుర్రాడి మీదే. అది పడ్డాక సెకండాఫ్‌లో గవేన్ ఎందుకంత పగబట్టాడో తెలియదు. ఆ ఖాళీని పూడ్చడానికి మోర్డ్రెడ్‌ని బంగారు మాస్కుతోనో, వికటాట్టహాసంతోనో నింపాలి.

టీవీ సీరియల్ అయితే ఈ ఇరుకు ఉండదు కదా అంటే, ఉండదు గానీ ఇంకోటి ఉంటుంది. బీబీసీ 'మెర్లిన్' 2008 నుంచి 2012 దాకా 65 ఎపిసోడ్లు నడిచింది. మెర్లిన్‌ని ఆర్థర్ ఈడువాడిని చేసి, ఊథర్ రాజ్యంలో మంత్రవిద్య నిషేధమని పెట్టడం మంచి ఎత్తు. కాకపోతే మెర్లిన్ మంత్రగాడన్న రహస్యం బయటపడితే కథ అయిపోతుంది కాబట్టి ఆర్థర్‌కి అది తెలిసేది ఆఖరి ఎపిసోడ్‌లో. అన్నేళ్ళు కళ్ళ ముందు కొమ్మలు విరిగి శత్రువుల నెత్తిన పడుతున్నా రాజుకి అనుమానం రాదు.

ఇంకో తోవ ఉంది, 'అసలు చరిత్ర' తోవ. నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించేది ఇదే. 2004లో ఆంట్వాన్ ఫుక్వా తీసిన 'కింగ్ ఆర్థర్' మొదట్లోనే ఇది నిజంగా బతికిన వీరుడి కథన్నట్టు అక్షరాలు వేస్తుంది. ఆర్థర్ రోమన్ అధికారి, అతని వీరులు సర్మేషియన్ అనే జాతి రౌతులు. క్రీ.శ. 175లో రోమన్ చక్రవర్తి మార్కస్ ఆరీలియస్ 5,500 మంది సర్మేషియన్లని బ్రిటన్ పంపినమాట నిజమే, ఆ గింజ మంచిదే. కానీ సినిమా కథ జరిగేది 467లో. రోము బ్రిటన్ మీద చేతులు దులుపుకుని అప్పటికి అర్ధశతాబ్దం దాటింది. దండెత్తి వచ్చే సాక్సన్లు, రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడకి ఉత్తరాన దిగి కిందికి నడిచొస్తారు. సముద్రం దాటి రావలసినవాళ్ళకి తూర్పు తీరమంతా తెరిచి ఉండగా గోడ అవతల దిగడమెందుకు? గోడ సెట్టు వేశారు కాబట్టి.

అసలు ఈ తోవలో వెళ్తే చేతికి దొరికేది ఎంత? సాక్సన్లని ఓడించిన బేడన్ యుద్ధం గురించి ఆరో శతాబ్దంలో రాసిన గిల్డాస్ అనే సన్యాసి ఆర్థర్ పేరే ఎత్తడు. తొమ్మిదో శతాబ్దపు లాటిన్ పుస్తకం ఒకటి పన్నెండు యుద్ధాల జాబితా ఇచ్చి, ఆఖరిదాంట్లో ఆర్థర్ ఒక్కడే 960 మందిని పడగొట్టాడంటుంది. (ఫైట్ మాస్టర్‌కి పండగే.) గుండ్రటి బల్ల 1155లో వాస్ అనే కవి రాసిన ఫ్రెంచి కావ్యంలో మొదటిసారి కనబడుతుంది. రాణితో లాన్సెలాట్ ప్రేమ ఇంకా తర్వాత, ఆ శతాబ్దం చివర్లో క్రెతియాన్ ద త్రువా అనే ఫ్రెంచి కవి చేతిలో పుట్టింది. మాయలన్నీ పుక్కిటి పురాణమని తీసేసి లాన్సెలాట్‌ని మాత్రం ఐదో శతాబ్దంలో ఉంచితే అది చరిత్ర ఎలా అవుతుంది?

సెట్టు మాట వచ్చింది కాబట్టి బల్ల లెక్క ఒకసారి వేద్దాం. వించెస్టర్ కోటలో గోడకి వేలాడే గుండ్రటి బల్ల పదమూడో శతాబ్దం చివరిదని చెబుతారు. అడ్డం 5.5 మీటర్లు, మీద ఆర్థర్ బొమ్మ కాక 24 మంది పేర్లు. చుట్టుకొలత 17 మీటర్ల చిల్లర, మనిషికి సుమారు 69 సెంటీమీటర్లు. మోచేతులు తగలకుండా కూర్చోవచ్చు. మేలరీ బల్లకి 150 పీటలు. అదే లెక్కన చుట్టుకొలత 103 మీటర్లు దాటుతుంది, అడ్డం 33 మీటర్లు. రెండు కబడ్డీ కోర్టులు పొడుగ్గా పరిచినా ఇంకా ఏడు మీటర్లు మిగులుతుంది. ఆ చివరివాడితో మాట్లాడాలంటే కేకెయ్యాలి. తగ్గించి పాతికమందిని కూర్చోబెట్టినా కెమెరా కష్టం తీరదు: బల్లకి తల వైపంటూ లేదు, ఎవరు ఎవరిని చూస్తున్నారో తెలిపే గీత ప్రతి షాటుకీ మారిపోతుంది. బల్ల మొత్తాన్ని పైనుంచి ఒక్కసారి చూపించి, ఆ తర్వాత సీనంతా పక్కపక్కన కూర్చున్న ముగ్గురి మధ్యే నడపడం మేలు.

కవచాల సంగతీ ఇలాంటిదే. పూర్తి ఉక్కు రేకు కవచం 20–25 కిలోలు. కథాకాలానికి అది వెయ్యేళ్ళు ముందొచ్చినట్టే, కానీ మేలరీ కళ్ళ ముందున్నది అదే కాబట్టి నాకు అభ్యంతరం లేదు. ఇబ్బంది వేరే చోట. మెరుగుపెట్టిన రేకు అద్దం లాంటిది, లైట్లూ కెమెరా యూనిటూ అందులో కనబడతాయి. బూర్‌మన్ దాన్నే వాడుకుని ఆకుపచ్చ లైటు వేయించి అడవి అంతా కవచాల మీద మెరిసేట్టు చేశాడు. రెండోది చప్పుడు. కదిలితే డబ్బాల మోత, మాట వినబడదు. రొబేర్ బ్రెసన్ 1974లో తీసిన 'లాన్సెలాట్ ద్యు లాక్'లో ఆ మోతే నేపథ్య సంగీతం. పోటీల సీనులో మొహాలు చూపించకుండా గుర్రాల కాళ్ళూ, ఈటెలూ, కిందపడ్డ రేకుల చప్పుడుతోనే నడిపాడు. ఆ సినిమా గంటన్నర లోపే ఉంటుంది, పాత్ర కోసం వెళ్ళినవాళ్ళు ఉత్త చేతులతో తిరిగొచ్చిన దగ్గరే మొదలవుతుంది. మెర్లిన్ లేడు, రాతిలో కత్తి లేదు. ఒక్క ముడి, ఆఖరిది.

డబ్బు లేకపోవడం కూడా ఒక్కోసారి మంచిదే. 1975లో ఆర్థర్ మీద సినిమా తీసిన మాంటీ పైథాన్ కామెడీ బృందం దగ్గర గుర్రాలకి డబ్బు లేక కొబ్బరి చిప్పలు కొట్టుకుంటూ నడిచారు. గొలుసు కవచాలు ఊలుతో అల్లి వెండి రంగు వేసినవి. కోటలకి అనుమతి రద్దయితే స్కాట్లండ్‌లోని డూన్ కోట ఒక్కదాన్నే మూలలు మార్చి నాలుగైదు కోటలుగా చూపించారు.

ఒక్క ముడిని పట్టుకున్న ఈ కాలపు సినిమా డేవిడ్ లౌరీ 2021లో తీసిన 'ద గ్రీన్ నైట్'. మూలం పద్నాలుగో శతాబ్దం చివరి 2,530 పాదాల కావ్యం. కొలువుకి వచ్చిన ఆకుపచ్చ వీరుడి తల నరికిన గవేన్, ఏడాదికి తన మెడ మీద బదులు దెబ్బ తినడానికి బయల్దేరతాడు, దార్లో ఒక కోటలో దిగుతాడు. మూడో ఆశ్వాసంలో కవి చేసిన పని చూస్తే ఎడిటర్లు దణ్ణం పెట్టాలి. కోట యజమాని గవేన్‌తో పందెం వేస్తాడు: రోజూ నాకు వేటలో దొరికింది నీకిస్తా, ఇంట్లో నీకు దొరికింది నాకియ్యి. మొదటి రోజు బయట లేళ్ళ వేట, లోపల పక్క మీదున్న గవేన్ దగ్గరికి యజమాని భార్య రావడం, మళ్ళీ వేట, సాయంత్రం లెక్క: లేళ్ళకి బదులు ఒక ముద్దు. రెండో రోజు అడవిపంది, రెండు ముద్దులు. మూడో రోజు నక్క, మూడు ముద్దులు. ఆ రోజు మాత్రం ప్రాణం కాపాడుతుందని ఆమె ఇచ్చిన ఆకుపచ్చ నడికట్టుని గవేన్ దాచేస్తాడు. చివర్లో ఆకుపచ్చ వీరుడి గొడ్డలి మూడుసార్లు లేస్తుంది. నిజాయితీగా లెక్క అప్పజెప్పిన రెండు రోజులకీ రెండుసార్లు ఊరికే బెదిరింపు, దాచిన రోజుకి మెడ మీద చిన్న గాటు. వేటకీ పడకగదికీ మధ్య కట్ చేసుకుంటూ పోయే ఈ స్క్రీన్‌ప్లే సినిమా పుట్టడానికి ఐదు వందల ఏళ్ళ ముందే సిద్ధంగా ఉంది.

లౌరీ దీన్ని దాదాపు వదిలేశాడు. వేటలు తెర వెనక్కి పోయాయి, లెక్క ఒక్క ముద్దుకి కుదించుకుపోయింది. బదులుగా, కవి కొన్ని పదుల పాదాల్లో దాటేసిన ప్రయాణాన్ని పట్టుకుని దొంగలు, రాక్షసులు, తల పోయిన సాధ్వి అంటూ సినిమాలో పెద్ద భాగం నింపాడు. చూడ్డానికి అద్భుతంగా ఉంది, కాదనను. కావ్యంలో గవేన్ పేరుమోసిన వీరుడు, సినిమాలో ఇంకా ఏమీ సాధించని కుర్రాడు. పేరున్నవాడు చిన్న నడికట్టు దగ్గర జారిపోవడంలో ఉన్న చమత్కారం, కుర్రాడు ధైర్యం నేర్చుకోవడంలో రాదు.

తీయకుండా మిగిలిపోయినవి మేలరీలో ఇంకా చాలా ఉన్నాయి. మే నెల మొదటి రోజున పుట్టినవాడి చేతిలో చావు రాసుందని ఆర్థర్ ఆ పసిబిడ్డలందరినీ పడవలో పెట్టి సముద్రంలోకి తోయించిన ఘట్టం ఒకటి. మనకి కంసుడు గుర్తొస్తాడు, ఇక్కడ ఆ పని చేసింది హీరో. ఇది పెడితే హీరో మీద జాలి పోతుందని నిర్మాత భయం. పెడితేనే ఆ పడవలోంచి బతికి బయటపడ్డ మోర్డ్రెడ్ పగకి అర్థం ఉంటుంది.

నన్నడిగితే ముందు తీయవలసింది రెండో భాగం, బేలిన్ కథ. 19 అధ్యాయాలు, గంటన్నరకి సరిపోతుంది, సైన్యాలు అక్కర్లేదు. ఒక అమ్మాయి నడుముకి కత్తి కట్టుకుని కొలువుకి వస్తుంది, మచ్చలేని వీరుడే దాన్ని తీయగలడంటుంది. ఆర్థర్ లాగితే రాదు. ఆరు నెలలు ఖైదులో ఉండి వచ్చిన బీదవాడు బేలిన్ లాగితే వస్తుంది. తిరిగిచ్చెయ్యమంటుంది, అతను ఇవ్వడు. నీకు అందరికంటే ఇష్టమైనవాణ్ణి దాంతోనే చంపుతావంటుంది. అంతలో ఎక్స్‌కాలిబర్ ఇచ్చిన సరస్సు దేవత వచ్చి, కత్తికి బదులుగా బేలిన్ తల అడుగుతుంది. బేలిన్ నిండు కొలువులో ఆమె తలే నరికేస్తాడు. చివరికి ఒక కోటలో, ద్వీపాన్ని కాచే వీరుడితో పోరాడాలని ఆనవాయితీ. నీ డాలు బాగాలేదు, ఇది పెద్దది తీసుకో అని ఒకడు మంచిమాటగా డాలు మార్పిస్తాడు. ఎదురుగా ఎర్ర కవచంలో ఉన్నది తమ్ముడు బేలన్. అన్నగారి డాలు కనబడలేదు కాబట్టి గుర్తుపట్టడు. ఇద్దరూ పడిపోయాక ముసుగులు తొలగుతాయి.

కావలసినవి రెండు కవచాలు, రెండు డాళ్ళు, ఏటి మధ్య ఒక లంక. ఆర్టిస్టుల మొహం కనబడదని హెల్మెట్ తీయించే అవసరం కూడా లేదు, మొహం కనబడకపోవడమే కథ. ఇద్దరినీ ఒకే గోతిలో పెట్టాక మెర్లిన్ వచ్చి బేలిన్ కత్తిని ఒక చలవరాతి బండలో దిగేసి నీటి మీద వదులుతాడు. అది తేలుతూ ఎన్నో ఏళ్ళకి ఆర్థర్ కొలువుండే కామెలాట్ చేరుతుంది. రాతిలో కత్తి, రెండోసారి. ఈసారి లాన్సెలాట్ దాని మీద చెయ్యి వెయ్యనంటాడు, గవేన్ లాగితే రాదు. తీసేది లాన్సెలాట్ కొడుకు గలహాడ్. కొలువుకి వచ్చినప్పుడు అతని నడుముకి ఒర ఒక్కటే ఉంది.